ఐసేనుగు మీద కర్పూరం

మే నెల మధ్యాహ్నం తిరుపతి వీధిలోకి వచ్చినవాడికి రెండే కోరికలుంటాయి. ఒకటి మోక్షం, రెండు మజ్జిగ. అలాంటి ఊళ్ళో, అలాంటి నెలలో ఐసుతో ఏనుగును నిలబెట్టి టిక్కెట్టు పెట్టి చూపిద్దామనుకున్న మనిషి పేరు ప్రతాప్. చిత్తూరువాడు. అంతకుముందు ఎగ్జిబిషన్లలో జెయింట్ వీలు తిప్పేవాడు, బావిలో మోటారు సైకిళ్ళు తిప్పేవాడు. ఇక తిప్పడానికేమీ మిగలక జనాన్ని వణికిద్దామని నిర్ణయించుకున్నాడు.

రేణిగుంట రోడ్డు పక్కన పెద్ద రేకుల షెడ్డు వేయించాడు. లోపల గోడలకూ కప్పుకూ మందపాటి థర్మాకోలు పలకలు బిగించి, చేపల గోడౌన్లలో వాడే చల్లటి మిషన్లు పెట్టించాడు. మొదటిరోజు లోపల్నుంచి ఒకడు "ఏసీ ఏసినారా?" అని అరిచాడు. బయటినుంచి ఎలక్ట్రీషియను "ఏసీ ఏసి శానాసేపాయ" అన్నాడు. ఆ మాట నాది కానందుకు నాకు రెండు రోజులు అసూయగా ఉండింది.

నా పేరు మునికుమార్. పేరులో ముని ఉన్నాడు గానీ నోట్లో మౌనం లేదు. కుమారుడు కూడా ఉన్నాడు గానీ వయసు యాభై దాటింది. ఏర్పేడు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో బార్లు, అంటే ఐసు దిమ్మలు, దించే పనితో మొదలైన బతుకు నాది. తెల్లారేసరికి బార్లు బారులు తీరి ఉండేవి. కొన్ని తడ వైపు చేపలకు పోయేవి, కొన్ని తిరుపతికి పెళ్ళిళ్ళకు వచ్చేవి. ఒక రిసెప్షన్లో పెళ్ళికూతురి పేరు ఐసులో చెక్కమంటే చెక్కాను. తర్వాత హంసలు, నెమళ్ళు, బాణం గుచ్చుకున్న గుండెలు. ఐసుగడ్డతోనే గడ్డుకాలం గట్టెక్కినవాణ్ణి. మా సీమవాళ్ళకు కరువు పాతది, కరుగే కొత్త. నేను చెక్కిన హంస సాంబారు వడ్డించేలోపల కళ్ళు పోగొట్టుకునేది, పెరుగన్నం వేళకు మెడ. అందుకు ఎప్పుడూ బాధపడలేదు. పని చేస్తున్నంతసేపూ బాగుండేది, అంతే.

ఎందుకు బాగుండేదో ఎవరికీ చెప్పలేదు. ఐసు ముందు నిలబడ్డప్పుడు నేను మాట్లాడను. నోటి ఆవిరి తగిలితే గీత మసకబారుతుందని పని నేర్చుకునేవాళ్ళకు చెప్పేవాణ్ణి. అది సాకు. అసలు సంగతి, చెయ్యి మాట్లాడుతుంటే నోటికి పని ఉండదు. పొద్దున్న లేచింది మొదలు మాటను మాటతో ముడేసి, ఎవరు నవ్వినా నవ్వకపోయినా వాగే మనిషికి అంతకన్నా సుఖమైన చోటు ఈ భూమ్మీద లేదు. నా భార్య కృపారాణి ఒకసారి ఏదో పెళ్ళిలో నేను పని చేస్తుండగా వచ్చి కాసేపు చూసి, "ఈయప్ప ఎవరో గాని బాగుండాడే. ఇంటికి ఈయప్పని తీస్కపోతా, నువ్వు ఈడే ఉండు" అనింది.

ఆ చోటుకే ముప్పు వచ్చింది. షుగరు అందరికీ వచ్చినట్టే నాకూ వచ్చింది. వచ్చింది ఊరికే కూర్చోలేదు. ఒక రోజు బస్టాండు దగ్గర నడుస్తుంటే వెనకనుంచి పూలమ్మే ఆమె పిలిచి, నా చెప్పు ఆమె గంప పక్కన పడి ఉందని చూపించింది. ఒంటి చెప్పుతో అంత దూరం నడిచాను. చెప్పు పోయిందని చెప్పాల్సిన కాలు చెప్పలేదు. తర్వాత వేళ్ళు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి అద్దం కావలసి వచ్చింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ నన్ను కళ్ళు మూసుకోమని, దూది పుల్లతో ఒక్కో వేలినీ తాకుతూ ఇది ఏ వేలు, ఇది ఏ వేలు అని అడిగింది. పదో తరగతిలో కూడా అన్ని తప్పులు చెప్పలేదు నేను. ఐసుకూ నిప్పుకూ దూరంగా ఉండమనింది. చల్లదనం కూడా కాలుస్తుందట, నాకు తెలియకుండానే కాలుస్తుందట, ఆపైన వేళ్ళు తీసేయాల్సి వస్తుందట.

"చెక్కేవాడి చేతిలోంచి స్పర్శ చెక్కేసింది మేడమ్. చెక్కేయించింది చక్కెర" అన్నాను.

ఆమె నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు. బస్సెక్కి ఇంటికొస్తుంటే ఏదో ఒకటి రావాలి గదా అని ఎదురు చూశాను. కండక్టరు వచ్చాడు. వేళ్ళ దగ్గర ఆగిందనుకున్నది ఇంకా లోపలికి కూడా పాకిందేమో తెలియదు. తిమ్మప్ప కొండ కింద పుట్టినందుకు తిమ్మిరి ప్రసాదంగా దొరికిందని కృపారాణికి చెప్పాను. ఆమె నా చేతులు రెండూ పట్టుకుని ప్రార్థన చేసుకుంది. పట్టుకుందని చూసి తెలుసుకున్నాను. పెద్ద పనులేవీ ఒప్పుకోవద్దనింది. అప్పటికే ఏనుగును ఒప్పుకున్నాను.

ప్రతాప్‌కు ఒక నియమం ఉంది. వేరే ఊళ్ళో ఇట్లాంటి షెడ్డులోనే ఒక పనివాడి వేళ్ళు నల్లబడి తీసేయాల్సి వచ్చిందట. ఆ సంగతి మనసులో పెట్టుకుని, పని మొదలయ్యే రోజు అందర్నీ వరసగా నిలబెట్టి, బడిలో గోళ్ళు చూసే అయ్యవారిలా చేతులు చూశాడు. చేతులు బాగలేనివాళ్ళు ఎంత పెద్ద పనివాళ్ళయినా చలిలో అడుగుపెట్టరాదన్నాడు. నేను రెండు చేతులూ చాపాను. చూడ్డానికి బాగానే ఉన్నాయి. బాగున్నాయన్నాడు. లోపలికి పోయాను.

నాతోపాటు చెక్కేది నిస్సీ. ఏర్పేడు పిల్ల. కేటరింగువాళ్ళ దగ్గర పుచ్చకాయల్లో గులాబీలు చెక్కుతూ ఉన్నదాన్ని నేనే ఐసులోకి లాక్కొచ్చాను. ముప్పై ఇంకా రాలేదు. నాకన్నా ఎంతో తక్కువ మాట్లాడుతుంది, నాకన్నా ఎంతో ముందు అర్థం చేసుకుంటుంది. రెండూ ఒకే రోగం లక్షణాలని నేననేవాణ్ణి.

ఏనుగంటే నిజం ఏనుగంత ఏనుగు. ఒక్క బారులో పుట్టదు. బారు మీద బారు అతికి ముందు గోడలాగా లేపి, ఆ గోడలోంచి ఏనుగు కానిదాన్నంతా మోటారు రంపంతో కోసేయాలి. అతకాలంటే రెండు బార్ల ముఖాలూ అద్దాల్లా చదునుగా ఉండాలి. దానికి మా సాధనం పాత దోసె పెనం. స్టవ్వు మీద కాల్చి ఐసు మీద బోర్లించి తిప్పితే చుంయ్‌మని ఎత్తుపల్లాలు పోతాయి. రెండు ముఖాలూ కలిపి సందులో నీళ్ళు చిమ్మితే ఆ చలికి పట్టేసుకుంటాయి. పెళ్ళి సంబంధాలు కూడా అంత బిరీన కుదరవు.

కుదిరిందో లేదో మాత్రం కంటితో తెలియదు. గాజులాంటి ఐసులో గీత ఏదో, నీడ ఏదో ఎవడు చెప్పగలడు. చేతి తొడుగు తీసేసి, అతుకు పొడుగునా అరచేత్తో రాసుకుంటూ పోవాలి. లోపల గాలి మిగిలిపోయిన చోట చెయ్యి సన్నగా తడబడుతుంది. ఇన్నేళ్ళూ నా కన్ను అక్కడే ఉండేది. అరచెయ్యి అంటే అర చెయ్యే గదా, పూర్తి చెయ్యి ఎప్పుడొస్తుందని ఎగతాళి చేసేవాణ్ణి. మొదటి కాలు అతికి తొడుగు తీసి రాస్తే, ఆ అర కూడా లేదని తెలిసింది. అతుకు లేదు, చలి లేదు, చలనం లేదు. ఐసు మొద్దు ముందు ఇంకో మొద్దు నిలబడ్డట్టు కాసేపు నిలబడ్డాను.

తర్వాత, ఎవరూ చూడ్డం లేదనుకుని, వంగి ఏనుగు కాలికి చెంప ఆనించాను.

చెంపకు ఇంకా తెలుస్తోంది. చల్లగా, నున్నగా, ఒక చోట వెంట్రుకంత గరుకుగా. కళ్ళు మూసుకుని పైనుంచి కిందికి మెల్లగా జరిపాను. చెంపపెట్టు అనే మాటకు ఇన్నాళ్ళకు సరైన అర్థం దొరికిందనుకున్నాను. పైకి అనలేదు. ఐసు ముందు ఉన్నాను గదా.

చూస్తున్న మనిషి ఒకరున్నారు. పెనం వేడికి కారే నీళ్ళూ, రంపం కింద పోగుపడే ఐసు పొడీ ఊడ్చడానికి ప్రతాప్ ఒక పెద్దామెను పెట్టుకున్నాడు. వరద తుడవడానికి దొరికిన మనిషి పేరు కూడా వరదమ్మ. నేను కళ్ళు తెరిచేసరికి ఆమె చీపురు గోడకు ఆనించి, స్వెట్టరు చేతులు రెండూ జోడించి నిలబడి ఉంది.

మరుసటి రోజుకు వాచ్‌మను, ఎలక్ట్రీషియను కూడా నేను వంగినప్పుడల్లా మాట్లాడ్డం మానేయసాగారు. మునికుమార్‌సామి ఏనుగుతో మాట్లాడతా ఉండాడని వరదమ్మ చెప్పిందట. బయట అంత వాగేవాడు లోపల పెదవి కదపడంటే ఊరికే ఉంటుందా అనిందట. ఈ ఊళ్ళో ఏదైనా పెద్దగా, తెల్లగా, కదలకుండా నిలబడితే దానికి బొట్టు పడడానికి ఎక్కువ రోజులు పట్టదు. వరదమ్మ పసుపూ కుంకుమా పొట్లం కట్టుకొచ్చి, ఏనుగు నుదుట పెట్టనా నాయనా అని నన్నడిగింది.

అప్పుడే చెప్పి ఉండవచ్చు. అక్కా, ఇది భక్తి కాదు, తిమ్మిరి అని. తల ఊపాను. పనివాడు ఐసుకు చెంప ఆనిస్తే ఎందుకని అడుగుతారు. భక్తుడు ఆనిస్తే ఎవరూ అడగరు.

అడిగింది ఒక్క నిస్సీ. బయట టీ బంకు దగ్గర, గ్లాసు ఊదుకుంటూ, నా వైపు చూడకుండా.

"చెయ్యి పెట్టి సూడకుండా చెంప ఎందుకు పెడతా ఉండావు మామా?"

"ఏనుగు చెవిలో జోకు చెప్తా ఉండా."

"నవ్విందా?"

"కరిగింది."

ఆమె నా చేతిలో గ్లాసు వైపు చూసింది. టీ పొగలు కక్కుతోంది. అందరూ గ్లాసు అంచులు పట్టుకున్నారు. నేను అడుగు నుంచి మొత్తం పట్టుకున్నాను. గ్లాసు బల్ల మీద పెట్టి, టీ కన్నా ధర వేడిగా ఉందని ఏదో అన్నాను. బంకువాడు నవ్వాడు.

కాళ్ళు అయ్యాయి, పొట్ట అయ్యింది, చెవులయ్యాయి. తొండం దగ్గర ప్రతాప్ పట్టుబట్టాడు. వచ్చినవాళ్ళను దీవిస్తున్నట్టు పైకెత్తి ఉండాలన్నాడు. కిందికి వేలాడే తొండమైతే తన బరువు తను మోసుకుంటుంది. పైకెత్తిన తొండం బరువంతా మొదట్లో ఉన్న ఒక్క అతుకు మీద పడుతుంది. ఆ అతుకుకు నా చెంప పెట్టే వేళకు చెంప కూడా అరిగిపోయింది. రోజుల తరబడి ఐసుకు రాసి రాసి చర్మం చెట్టు బెరడులా అయ్యింది. అతుకు బాగుందని ఒకసారి చెప్పింది, బాగలేదని ఇంకోసారి చెప్పింది. నిస్సీ పక్కనే నిలబడి దంతం నునుపు చేస్తోంది. రవ్వంత చెయ్యి పెట్టి సూడమ్మా అంటే చాలు. కానీ ఆ మాటతోనే నా సంగతి బయటపడుతుంది, బయటపడితే నేనూ బయటపడతాను. రోజంతా మాటలు పారబోసేవాడికి ఆ ఒక్క మాట దొరకలేదు. నీళ్ళు ఇంకొంచెం చిమ్మి కిందికి దిగాను.

చివరికి కళ్ళు మిగిలాయి. రాయిలో చెక్కినా, మట్టితో చేసినా, ఐసైనా కళ్ళు ఆఖరునే తెరవాలి. ఆదివారం సాయంత్రం రాహుకాలం పోయాక, పిలిచిన పెద్దల ముందు మునన్న కళ్ళు తెరుస్తాడని ప్రతాప్ ఊరంతా బ్యానర్లు కట్టించాడు. బ్యానరులో నా బొమ్మ ఏనుగు బొమ్మ కన్నా కొంచెం లావుగా ఉంది.

ఆ ఆదివారం పొద్దున్న లోపల అందరం ఉన్నాం. నేను తల పక్కన స్టూలు మీద నిలబడి కళ్ళ చోటు గీత గీసుకుంటున్నాను. నిస్సీ తొండం కింద కూర్చుని ముందు కాలి గోళ్ళు దిద్దుతోంది. ప్రతాప్ ఫోనుతో వీడియో తీసుకుంటూ తిరుగుతున్నాడు. వరదమ్మ ఎదురుగా బల్ల మీదికెక్కి, జనం కండ్లు పడకముందే దిష్టి తీసేస్తానని, తమలపాకు మీద కర్పూరం బిళ్ళ నాకు చూపించింది. నేను మామూలుగా తల ఊపాను. ఏనుగు చుట్టూ గాలిలో తిప్పుతుందనుకున్నాను. ఆమె ఆకు తీసుకుపోయి తొండం వంపులో పెట్టి వెలిగించింది.

హారతి కర్పూరంలా కరిగిపోయిందంటాం గదా. ఐసు మీద కర్పూరం పెడితే ఏది ముందు కరుగుతుందో మన పెద్దలు చెప్పలేదు. నిజానికి ఐసు కరగనే కరగదు. బాగా చల్లబడి ఉన్న ఐసుకు నిప్పు తగిలితే కరిగే ఓపిక ఉండదు, చిట్లుతుంది. టిక్‌మని చప్పుడైంది. మంట దగ్గర కాదు, ఇవతల, నా పక్కన, ఆ అతుకు దగ్గర. నా చెవులకు ఇంకా షుగరు రాలేదు.

చెయ్యి చాపి మంటను పిడికిట్లో మూసేశాను. రెండో భుజం తొండం కింద పెట్టాను.

"నిస్సీ, లేచి అవతలికి పో" అన్నాను. ఐసు ముందు నేను మాట్లాడిన మొదటి మాట అదేననుకుంటా. ఆమె ఎందుకని అడగకుండా లేచి పోయింది.

తొండం తొండి చేయలేదు, నిలబడింది. నేను కూడా అలాగే నిలబడ్డాను. పిడికిలి సందుల్లోంచి పొగ వస్తోంది. ముందు కర్పూరం వాసన, తర్వాత ఇంకో వాసన. అది నాదేనని అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. కిందికి చూస్తే అందరూ నా ముఖంలోకి చూస్తున్నారు. ముఖంలో ఏమీ లేదు. ఉండడానికి ఏం జరిగిందని. ఎలక్ట్రీషియను మెల్లగా గోవిందా అన్నాడు. వాచ్‌మను గోవింద అని అందుకున్నాడు. వరదమ్మ బల్ల దిగి, వచ్చి, స్టూలు కాళ్ళు పట్టుకుంది. నావి అందలేదు.

నేను దిగాక నిస్సీ వచ్చి నా పిడికిలి ఒక్కో వేలే విప్పింది. కర్పూరం కరిగి అరచేతికి అంటుకుని, చుట్టూ తోలు తెల్లగా ఉబ్బి ఉంది. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత స్టూలెక్కి తొండం మొదట్లో చెయ్యి పెట్టి రాసింది. ఒక చోట ఆగింది.

"ఈడ గాలుండాది మామా. ఇంత లావు తగలతా ఉండాదే, నీకెట్ల..."

నా చేతి వైపు ఇంకోసారి చూసింది.

అప్పటికే ప్రతాప్ నన్ను భుజం పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు. అతని కళ్ళు మెరుస్తున్నాయి. వీడియో మొత్తం పడిందట. ఏనుగు కుంభస్థలం నేను చెక్కితే, కొట్టింది తనేనట. ఐసులో నిప్పు అని పేరు పెడదామన్నాడు. నువ్వు ఇంకేమీ చెక్కనక్కరలేదు మునన్నా, ఎగ్జిబిషను ఉన్నన్నాళ్ళూ లోపలే ఉండు, ఏనుగు పక్కన గమ్మున నిలబడు, సాయంత్రం ఒకసారి జనం ముందర కర్పూరం పట్టుకో, అంతే అన్నాడు.

గమ్మున నిలబడు అన్నాడు. ఐసు పక్కన, నోరు తెరవకుండా, రోజంతా. నాకు కావలసిందే అది, ఇన్నాళ్ళూ దాచింది దానికోసమే. బదులుగా అడిగింది నాకు లేని చెయ్యి. లేనిది ఇస్తే ఉన్న చోటు నిలుస్తుంది. ఆలోచించాను. భయం కోసం లోపల వెతికాను, దొరకలేదు. నొప్పి కోసం వెతికాను, అదీ లేదు. వద్దనడానికి నా దగ్గర ఒక్క కారణం కూడా కనిపించలేదు. సరేనని చెప్పబోతూ తిరిగాను.

వరదమ్మ ఏనుగు ముందు నిలబడి ఉంది. కొంగు ముడి విప్పి ఇంకో కర్పూరం బిళ్ళ తీసి తన అరచేతిలో పెట్టుకుంది. ఎడమ చేత్తో అగ్గిపెట్టె పట్టుకుని, చలికి వేళ్ళు వణుకుతుంటే పుల్ల తీయలేక అవస్థ పడుతోంది. ఏం చేస్తున్నావక్కా అన్నాను.

"నువ్వు పట్టినావు గదా నాయనా, నేనూ పడతా. మా గ్రేసీకి మూడోసారీ కడుపు నిలవలేదు. ఓర్సుకుంటే సామి సూస్తాడు. నీకు కాలలేదే, నాకు మాత్రం కాలతాదా."

గ్రేసీ ఆమె కోడలు. చర్చికి పోయే కోడలి కోసం కర్పూరం పట్టుకునే అత్త. వేరే రోజైతే దీని మీద నా దగ్గర మూడు జోకులుండేవి. ఆమె అరచెయ్యి చూశాను. చీపురు కాయలు కాచిన చెయ్యి. కానీ అందులో అంతా ఉంది. చలికి ఎర్రబడి ఉంది.

అగ్గిపెట్టె లాక్కున్నాను.

"వద్దక్కా. సామీ లేదు, మొక్కూ లేదు. నాకు షుగరు. సేతుల్లో తెలీదు. నిప్పు పెట్టినా తెలీదు, ఐసు పెట్టినా తెలీదు. అందుకే చెంప పెట్టి సూసుకుంటా ఉండా."

ప్రతాప్ పెద్దగా నవ్వాడు. ఎలక్ట్రీషియనూ నవ్వాడు. మునన్న మళ్ళీ ఏసినాడప్పా అన్నాడు వాచ్‌మను. నవ్వడం వాళ్ళ తప్పు కాదు. ఇన్నేళ్ళుగా నా నోట్లోంచి వచ్చిన ప్రతి మాటకూ వెనక ఇంకో మాట ఉంటుందని వాళ్ళకు నేర్పింది నేనే. ఈ మాట వెనక ఏమీ లేదు. ఏమీ లేదని ఎలా చూపించాలో తెలియక కళ్ళు మూసుకుని, కాలని చెయ్యి ముందుకు చాపాను.

"నిస్సీ, ఏదో ఒక వేలు పట్టుకో. ఏ వేలో నేను చెప్తా."

మిషన్ల మోత ఒక్కటే.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నా."

"చిటికెనవేలు" అన్నాను.

ఆమె గొంతు దగ్గరగా వినిపించింది.

"చెయ్యంతా పట్టుకోని ఉండా మామా. రెండు సేతులతో."

కళ్ళు తెరిచాను. నిజమే. ఆమె నా చేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుని, గుండెకు ఆనించుకుని నిలబడి ఉంది. ఎవరూ నవ్వడం లేదు. వరదమ్మ కర్పూరం బిళ్ళను మళ్ళీ కొంగులో ముడేసుకుంటోంది.

ప్రతాప్ మంచివాడే. మంచు వ్యాపారం చేసేవాళ్ళలో ఆ మాత్రం మంచి ఉండడం అరుదు. అతను ఫోనులోంచి వీడియో చెరిపేశాడు, చెరిపేసినట్టు నాకు చూపించాడు. తన కోటు నా భుజాల మీద వేసి తలుపు దాకా నడిపించుకుపోయాడు. చేతులు చూసినప్పుడు అడగాల్సింది మునన్నా, నాదే తప్పు అన్నాడు. తలుపు చాలా మందం. నా వెనక మూసుకున్నప్పుడు పెద్ద చప్పుడేమీ కాలేదు.

ఆస్పత్రిలో కట్టు కట్టారు. కృపారాణి వచ్చి నా పక్కన కూర్చుంది. తిడుతుందనుకున్నాను. కట్టు కట్టిన చేతిని తన ఒళ్ళో పెట్టుకుని, ఇప్పటికైనా చెప్పినావు పో అనింది. ఇద్దరం ఆటోలో షెడ్డుకు తిరిగి వచ్చాం. ఎందుకు తిరిగి వచ్చామంటే, బ్యానర్ల మీద నా బొమ్మ ఉంది గదా.

ఈలోపల నిస్సీ తొండం మొదలంటా కోసేసి, కొత్త బార్లతో కిందికి దించి అతికిందట. దీవెన ఎత్తు తగ్గింది గానీ పడిపోయే భయం లేదు. తొండం కొస నేల మీద ఆనుకుని, ఏదో వెతుక్కుంటున్నట్టు ఉందట. అందరూ ఇదే బాగుందంటున్నారని ప్రతాప్ చెప్పాడు. కళ్ళు కూడా నిస్సీనే తెరుస్తుందన్నాడు. ఆ తర్వాత కొంచెం నసిగి, టిక్కెట్ల కౌంటరు పక్కనున్న మైకు నా చేతికిచ్చాడు.

"నోరు బాగుండాది గదా మునన్నా. అది చలికేం చెడిపోదు. ఈడ కూసోని జనాన్ని నవ్విస్తా ఉండు."

ఎడమ చేత్తో పట్టుకున్నాను. పట్టుకున్నానో లేదో మధ్య మధ్యలో చూసుకుంటూ మాట్లాడాను. మైకు పట్టినవాడికి మైకం వస్తుందంటారు. నాకు అదీ రాలేదు. మాటలు మాత్రం వచ్చాయి. రండి బాబూ రండి, బయట ఎండ, లోపల ఎండమావి కూడా లేదు. ఏనుగును చూసి పీనుగు కూడా వణికే చలి. స్వెట్టర్లు లోపలిస్తారు, స్వర్గం కూడా లోపలే. వరస పెద్దదైంది. పిల్లలు నవ్వారు, పెద్దలు నవ్వారు. ఒకాయన వరస వదిలిపెట్టి నన్ను చూడ్డానికే నిలబడ్డాడు. రాహుకాలం పోయింది. లోపల చప్పట్లు కొట్టే ఉంటారు. ఆ గోడల్లోంచి వినిపించదు.

కొంచెంసేపటికి మొదటి గుంపు బయటికొచ్చింది. అందరూ చేతులు రుద్దుకుంటున్నారు, ఊదుకుంటున్నారు, ఒకరి చెంపల మీద ఒకరు పెట్టి అరుస్తున్నారు. చివర నిస్సీ వచ్చింది, కనురెప్పల మీద ఐసు పొడితో. కృపారాణి ఆమెకు టీ గ్లాసు ఇచ్చింది. కళ్ళెట్ల వచ్చినాయని మైకు పక్కకు పెట్టి అడిగాను.

"మూసినట్టే తెరిసినా మామా" అనింది. "నువ్వు కాలికి ఆనుకున్నప్పుడు ఉండే మాదిరి."

గ్లాసు అంచులు పట్టుకుని తాగేసి, మళ్ళీ లోపలికి పోయింది.

నేను మైకు తీసుకున్నాను. ఆ రోజునుంచి అదే నా పని. మాట మీద మాట, ఆగకుండా, పొద్దుగూకేదాకా. తలుపు తెరిచి ఒక గుంపును వదిలి ఇంకో గుంపును తోసేటప్పుడు మాత్రం లోపలి చలిగాలి ఒక పాయగా బయటికొచ్చి నా దాకా వస్తుంది. చెంపకు తగులుతుంది. తగిలినంతసేపూ నేను మాట్లాడను.

వరసలో వెనకున్నవాళ్ళు మెడలు చాచి చూస్తారు.

"ఏమన్నా, మైకు పోయిందా?" అంటారు.

తలుపు మూసుకున్నాక, లేదప్పా, ఉండాది అంటాను.